పేరు ఎక్కడ నిలవాలి

వస్తువుకూ దాని పేరుకూ ఉన్న సంబంధం సహజమా, కల్పితమా అన్న ప్రశ్న భారతీయ దర్శనాలలో చాలా పాతది. శబ్దార్థ సంబంధం నిత్యమని, దానిని ఎవరూ ఏర్పరచలేదని మీమాంసకులు భావించగా, ఫలానా శబ్దం ఫలానా వస్తువును తెలపాలన్న సంకేతమే, అనగా ఒక ఏర్పాటే, ఆ రెండింటినీ కలుపుతున్నదని నైయాయికులు వాదించారు. భక్తిసంగీతాన్ని సీడీలలో దాచుకున్న కృష్ణా డెల్టా ఇళ్ళలో, ఆ సీడీ మీద పేరు ఎక్కడ వ్రాయాలన్న చిన్న పనిలోనూ ఈ ప్రశ్న ఎదురవుతుంది.

సంప్రదాయం మొవ్వ గ్రామంతో ముడిపెట్టే 17వ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్య 'మువ్వగోపాల' ముద్రను, అంటే రచన ఎవరిదో గుర్తుపట్టించే మాటను, సాహిత్యంలోనే పొదిగాడు. పైగా అది తన పేరు కాక తన దైవం పేరు. ఆయన పదం తాళపత్రానికి ఎక్కినా, కూచిపూడి అభినయంలోకి వచ్చినా, 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి నుంచి వినిపించినా, ముద్ర దాని వెంటే సాగుతుంది. వైశేషికులు వస్త్రానికీ దారాలకూ చెప్పిన విడదీయరాని సంబంధం, సమవాయం, ఇటువంటి కూర్పుకు దగ్గరగా ఉంటుంది. సీడీకి అంటించిన చీటీది సంయోగం, అంటే రెండు విడి వస్తువుల కలయిక మాత్రమే.

ఆ కలయిక పాటకే ముప్పు తేగలదు. లేజరు కిందివైపు నుంచి చదువుతుంది కనుక అటు గీత పడకపోతే చాలునని చాలామంది తలుస్తారు. కాని 1.2 మిల్లీమీటర్ల మందమున్న సీడీలో కాంతిని ప్రతిఫలించే లోహపు పొర పైముఖానికి అతి దగ్గరగా, వార్నీషు వంటి పలుచని పూత చాటున ఉంటుంది. బాల్‌పెన్ను మొన నొక్కుకున్నా, ఘాటైన ద్రావకం కలిసిన సిరా పూతలోకి దిగినా దెబ్బ ఆ పొరకే తగులుతుంది. అంటించిన చీటీ తేమకు సాగి, ఎండకు ముడుచుకుంటూ దానిని లాగుతుంది, డిస్కు తిరిగేటప్పుడు తూకం తప్పిస్తుంది. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం వైపు ఇది మరింత ఆలోచించవలసిన విషయం. అంటిన చీటీని పీకబోతే లోహపు పొర కూడా ఊడి రావచ్చు.

అందువల్ల సమాచారం లేని చోట, మధ్య రంధ్రం చుట్టూ పారదర్శకంగా కనిపించే వలయంలో, మెత్తని మొన గల నీటి సిరా మార్కరుతో ఒక సంఖ్య మాత్రం వేసి, గాయకుడు, రాగం, తేదీ వంటి వివరాలను పెట్టె మీదా, విడిగా ఒక పట్టికలోనూ వ్రాయడం యుక్తం. అయితే పట్టిక పోయిన నాడు సంఖ్యకు అర్థం ఉండదు. నైయాయికుల వాదం బలం ఇక్కడే తెలుస్తుంది. ఆ వివరాలనే రేడియో ప్రకటనలా పాటకు ముందు పలికించి రికార్డు చేస్తే, సీడీ పాతబడి పాటను మరొక సాధనంలోకి మార్చినప్పుడు కూడా పేరు పాటతోనే వెళుతుంది.