నామినీ గడిలోని పేరు

బ్యాంకు కాగితముమీద నామినీ అను గడిలో ఒక పేరు వ్రాయుటకు ఎంతసేపు పట్టును? మనము పోయిన తరువాత ఆ పేరుగలవారే మన సొమ్ముకు యజమానులగుదురా?

మా సంఘములో ఒక యౌవనస్థుడు పెండ్లికి ముందు ఖాతా తెరచి తల్లి పేరు వ్రాసెను. పిమ్మట పెండ్లియాయెను, ఇద్దరు బిడ్డలు పుట్టిరి. గడిలోని పేరు మాత్రము మారలేదు. వీలునామా లేకయే అతడు గతించెను. ఆరు లక్షల రూపాయలు తల్లి చేతికి వచ్చెను. "అయ్యగారూ, నా కొడుకు నా పేరే గదా వ్రాసినాడు?" అని ఆమె నన్నడిగెను. కోడలు గుమ్మము దగ్గర నిలిచి ఏమియు మాటలాడలేదు.

బ్యాంకువారిది తప్పు కాదు. నామినీకి చెల్లించినయెడల చట్టము ఎదుట వారి బాధ్యత తీరును. అయితే పుచ్చుకొనుట వేరు, సొంతమగుట వేరు. 2010లో రామచందర్ తల్వార్ వ్యాజ్యెమునందు సుప్రీంకోర్టు ఈ సంగతియే తేల్చెను. 2025 నవంబరు 1 నుండి నలుగురి పేర్లవరకు వ్రాయవచ్చును గాని, పేర్లు పెరిగినంతమాత్రమున వారసులు మారరు.

మరి వారసులెవరు? క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము విధవకు మూడవ వంతును, తక్కినది బిడ్డలకును ఇచ్చుచున్నది. అనగా కోడలికి రెండు లక్షలు, బిడ్డలకు చెరి రెండు. తల్లికో? బిడ్డలుండగా ఒక్క రూపాయియు లేదు. పొరుగింటి హిందూ తల్లికైతే 1956 నాటి చట్టము భార్యాబిడ్డలతో సమానమైన పాలు ఇచ్చుచున్నది. ఈ లెక్క ఆ ముసలామెకు చెప్పుటకు నాకు నోరు రాలేదు.

కొడుకు కోరిక అదియే గదా అందురేమో. పెండ్లికి ముందు వ్రాసిన వీలునామా పెండ్లితో రద్దగునని అదే చట్టము చెప్పుచున్నది. మనుష్యుని బాధ్యతలు ఆ దినమున మారునని దానికి తెలియును. బ్యాంకు గడి అట్లు రద్దు కాదు. మరచిపోయినవాని తరపున అది ఇంకను మాటలాడుచునే యుండును. దానిని అతని మనస్సని నేను ఒప్పుకొనజాలను. ఆ తల్లి గృహనిర్వాహకురాలే గాని యజమానురాలు కాదు.

అయినను కడుపు కట్టుకొని పెంచిన తల్లిని చట్టము మరచినదని మనమును మరువవచ్చునా? బిడ్డల పాలు ముట్టుటకు కోడలికి అధికారము లేదు. ఆమె ఇయ్యగలిగినది తన రెండు లక్షలలోనిదే. ఇమ్మని విధవను అడుగుటకు నేనెవడను? అడుగలేదు. తల్లియే మూడవనాడు సొమ్మంతయు కోడలి చేతికిచ్చెను. అత్త మందుల ఖర్చు తనదేనని కోడలు అప్పుడు చెప్పెను.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి నా పాసుపుస్తకము తీసి చూచితిని. పెండ్లియై ఇరువదియారేండ్లు గడచినను, దానిలో మా అన్నగారి పేరే యున్నది. నా భార్యకు చూపితిని. "రేపు బ్యాంకు తెరిచే యుండునా?" అని మాత్రము అడిగినది.