పసుపు పెట్టే ముందు మట్టి చూడు

బిడ్డా,

దిల్‌సుఖ్‌నగర్ మేడ మీద కుండీల్లోనూ, ఎల్‌బీ నగర్‌లో కట్టుకుంటున్న ఇంటి వెనక జాగాలోనూ పసుపు పెడతానన్నావు. నాకు ఎంతో సంతోషం. తప్పకుండా పెట్టు. ఎండల గురించి మాత్రం అంతగా బెంగపడకు. 20 నుంచి 35 డిగ్రీల వేడిలో పసుపు బాగానే వస్తుంది. వాన 1500 మిల్లీమీటర్లు కావాలంటారు, హైదరాబాద్‌లో పడేది అందులో సగానికి కాస్త ఎక్కువ. నిజామాబాద్, జగిత్యాల రైతులు వాన లోటును తడులతోనే పూడ్చుకుంటున్నారు. ఆర్మూరు వైపు పసుపులో మక్క వేస్తారు. పంటకు పంట, లేత మొక్కకు నీడ. నీ మేడ మీద ఆ నీడకు పచ్చ నెట్ కట్టు, చాలు.

పసుపుకు తడి కావాలి గానీ నీరు నిలవకూడదు. నిలిచిందా, దుంపకుళ్లు పడుతుంది. ఆకు అంచులు పండుబారతాయి, కాండం మొదలు మెత్తబడుతుంది, పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది. అప్పుడిక మందు వెతికి లాభం లేదు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు ఎలా మునిగాయో నువ్వు చూసినదానివే. మీ జాగా పల్లం. అందుకే అడుగు ఎత్తు బోదెలు తీయించి వాటి మీదే నాటు. కుండీల అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకో.

ఇంకొకటి, ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది. ఇల్లు కట్టేచోట మట్టిలో సిమెంటు, సున్నం, కంకర కలిసిపోతాయి. పసుపు చౌడునూ సున్నాన్నీ ఓర్చుకోదు. పీహెచ్ 7.5 దాటకూడదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మట్టి పరీక్ష గురించి అడుగు. పై మట్టి ఎత్తి పోయించి, ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, కాస్త వేపపిండి కలిపి నింపు. గుల్లగా ఉన్న మట్టిలోనే కొమ్ము సాగుతుంది.

కిరాణా కొట్లో కొమ్ములు తెచ్చి నాటేవు సుమా! అవి ఉడకబెట్టి ఎండబెట్టినవి, మొలకెత్తవు. కన్నులున్న పచ్చి విత్తనపు దుంపే కావాలి. మామూలు రకాలకు ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ‘ప్రగతి’ అయితే ఆరు నెలలకే చేతికొస్తుంది, మొదటిసారి కనుక నీకు అదే మేలు.

మిరుగం దగ్గర పడుతోంది. ముందు ఆ సిమెంటు ముక్కలు ఏరించు తల్లీ, విత్తనం సంగతి తర్వాత చూద్దాం.