వీరుని కన్నీరు

కన్నీరు బలహీనతకు గుర్తని లోకమున నొక నమ్మకము కలదు. పసివాడు పడి యేడ్చినచో "మగపిల్లవాడవు, ఏడ్వవచ్చునా?" అని పెద్దలు మందలింతురు. ఆ మాటను పలుమారు విన్న బాలుడు క్రమముగా ఏడ్చుట మానును. కాని దుఃఖించుట మానడు. దుఃఖము లోపలనే నిలిచి, కొందరియందు మౌనముగను, కొందరియందు కోపముగను పరిణమించును. వీరుడనగా ఏడ్వనివాడు అను భావము ఇట్లు బాల్యముననే మనస్సున నాటుకొనును. ఈ భావమును పెంచు సాధనములు కాలమును బట్టి మారుచుండును. ఒకనాడు కథలును నాటకములును, పిమ్మట సినిమాలు, నేడు వీడియో ఆటలు. ఈ ఆటలయందలి వీరునకు కన్నీరు విడుచు శక్తి యుండవలయునా, వలదా యను ప్రశ్న పైకి వినోదమునకు మాత్రమే సంబంధించినదిగా తోచును. విచారించినచో అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న యని తేలును.

నాటకమును చూచువాడు చూచుటయే గాని చేయుట లేదు. నవలను చదువువాడును అంతే. వీడియో ఆటయందు అట్లు గాదు. తెరమీద ఒక వీరుడుండును. ఆటగాడు చేతనున్న మీటలను నొక్కినచో ఆ వీరుడు నడచును, దుముకును, కత్తి యెత్తును, చంపును. కథ యెవరో కల్పించినదే యైనను, కత్తి యెత్తించిన చేయి ఆటగానిదే. అందుచేతనే తెరమీద వీరుడు పడిపోయినపుడు పిల్లలు "వాడు చచ్చెను" అనరు. "నేను చచ్చిపోయినాను" అందురు. కర్త యెవరో పిల్లలకు బాగుగా తెలియును.

మొదటి కాలపు ఆటలలో వీరుని కన్నీటికి చోటే లేదు. 1981లో జపాను దేశపు నింటెండో సంస్థ 'డాంకీ కాంగ్' అను ఆటను వెలువరించెను. పిమ్మట మారియో యను పేర ప్రపంచప్రసిద్ధుడైన వీరుడు మొదట కానవచ్చినది అందే. కొలది రంగుచుక్కలతో ముఖమును దిద్దవలసి వచ్చుటచే, నోరు గీయుట కష్టమై మీసమును, జుట్టు గీయుట కష్టమై టోపీని పెట్టినట్లు దాని రూపకర్త షిగెరు మియమోటో చెప్పియున్నాడు. నోటికే తావులేని ముఖమున కన్నీటిబొట్టు ఎక్కడ నిలుచును? ఏడ్వకపోవుట అప్పుడు సిద్ధాంతము కాదు, సాధనముల కొరత.

ఐనను ప్రశ్న మాత్రము ఆ కాలముననే పుట్టినది. 1982లో అమెరికాలో స్థాపింపబడిన ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ మరుసటి సంవత్సరము ఒక ప్రకటనను వెలువరించి, కంప్యూటరు మనుష్యునిచే కన్నీరు పెట్టింపగలదా యని అందు ప్రశ్నించినది. 1983లోనే ఇన్ఫోకామ్ అను సంస్థ 'ప్లానెట్‌ఫాల్' అను ఆటను వెలువరించినది. దానిని రచించినవాడు స్టీవ్ మెరెట్స్కీ. అందు బొమ్మ ఒక్కటియు లేదు. తెరమీద అక్షరములు మాత్రమే. ఫ్లాయిడ్ అను యంత్రమానవుడు పసివానివలె అల్లరి చేయుచు ఆటగాని వెంట తిరుగును. ఒక ఘట్టమున ఆటగాని మేలుకొరకు తన ప్రాణము నర్పించును. ఆ వాక్యములు చదివి కన్నీరు పెట్టితిమని ఎందరో ఆటగాండ్రు చెప్పుకొనిరి.

ఈ ఉదాహరణమే ఒక పూర్వపక్షమునకు బలము నిచ్చుచున్నది. వీరునకు ముఖమే లేనిచోట ఆటగాని కంట నీరు దొరలినది గదా! అట్లయినచో వీరుడు ఏడ్వవలసిన పని యేమి? రసము ఎచట నుండును, కథలోని నాయకునియందా, నటునియందా, ప్రేక్షకునియందా యని మన ఆలంకారికులలో గొప్ప చర్చ జరిగినది. సుమారు వేయి సంవత్సరముల క్రిందట కాశ్మీరమున నుండిన అభినవగుప్తుడు రసమునకు స్థానము సహృదయుని హృదయమే యని నిర్ణయించెను. దీని ననుసరించి, ఆటలోని వీరుడు ఖాళీపాత్రవలె నుండవలయుననియు, అందు నింపవలసిన దుఃఖము ఆటగానిదే యనియు వాదింపవచ్చును. 1998లో వెలువడిన 'హాఫ్ లైఫ్' అను ఆటలోని గార్డన్ ఫ్రీమన్ ఒక్క మాటయైనను పలుకడు. వీరుడు తనంతట తాను పలికినను, ఏడ్చినను, ఆటగాడు "ఇతడు నేను కాను" అని తెలిసికొని దూరమగును గావున మౌనమే మేలని ఈ పక్షమువారి తలంపు.

రెండవ పూర్వపక్షము ప్రాచీనమైనది. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో 'రిపబ్లిక్' అను గ్రంథము మూడవ భాగమున, మహావీరుల విలాపములను కావ్యములనుండి తొలగింపవలయునని వాదించెను. వీరులు ఏడ్చినట్లు విన్న యువకులు స్వల్పదుఃఖములకే క్రుంగిపోవుదురని ఆయన భయము. నేడు కొడుకును "ఏడ్వకురా" అని గద్దించు తండ్రి ప్లేటోను చదివి యుండకపోవచ్చును. కాని ఆయన వాదమునే పలుకుచున్నాడు.

ముందుగా ఈ రెండవ వాదమును పరిశీలింపవలయును. ప్లేటో కొట్టివేయదలచిన విలాపములు అకిలీసు మొదలగువారివి. ఇలియడ్ కావ్యపు తుదిభాగమున, తన కుమారుని చంపిన అకిలీసు కడకు ముదుసలి రాజు ప్రయము వచ్చి శవమును యాచించును. చంపినవాడును, కొడుకును పోగొట్టుకొన్నవాడును ఒక్క చోట నుండి యేడ్తురు. ఆ యేడ్పు పిమ్మటనే అకిలీసు శవమును తండ్రికి అప్పగించును. అంతవరకు కోపము బిగించి పట్టిన చేతిని కన్నీరు వదలించినది.

మన ఇతిహాసములును ఈ విషయమున సంకోచింపలేదు. పంపాతీరమున సీతకై విలపించిన రాముడే లంకలో రావణుని సంహరించెను. అభిమన్యుని మరణమునకు ఏడ్చిన అర్జునుడే మరునాడు సైంధవుని వధించెను. కన్నీరు వీరి అల్లెత్రాళ్లను వదులు చేయలేదు. యుద్ధారంభమున అర్జునుని కన్నీటిని కృష్ణుడు మందలించెను గదా యని యడుగవచ్చును. ఆ మందలింపు కన్నీటికి గాదు. కన్నీటి చాటున కర్తవ్యమునుండి తప్పుకొనదలచిన మోహమునకు. అభిమన్యునికై యేడ్చినపుడు కృష్ణుడు ఆ తండ్రిని ఓదార్చెను. యుద్ధము ముగియగనే వ్యాసుడు విజయోత్సవమును వర్ణింపలేదు. స్త్రీపర్వమున రణభూమిలో భర్తలను, బిడ్డలను వెదకుకొను స్త్రీల విలాపమును వర్ణించెను. ఆపై శాంతిపర్వారంభమున, గెలిచిన ధర్మరాజు తనకు రాజ్యము వలదని శోకించును. గెలుపునకు వెల యెంతయో చెప్పనిదే భారతము ముగియలేదు.

ఇక మొదటి పూర్వపక్షము మిగిలినది. ఇది సూక్ష్మమైనది. నాటకమును చూచువాడు ఏ పాపమును చేయలేదు. కావున అతడు శోకమును నిశ్చింతగా అనుభవింపగలడు. ఆటగాడట్లు కాడు. తెరమీద చంపుట నిజముగా చంపుట కాదు. ఆటగాడు హంతకుడనుట అవివేకము. కాని దినదినమును చేయు అభ్యాసము మనస్సున ఒక త్రోవను ఏర్పరచుననుట ఎవ్వరును కాదనజాలరు. కర్మసిద్ధాంతమున కర్తయే భోక్త. చేసినవాడొకడు, అనుభవించువాడింకొకడు అనుటకు అచట తావు లేదు. మాటయు, ముఖమును లేని వీరుని ఆటలో ఈ బంధము తెగిపోవు అపాయము కలదు. ఆటగాడు నూరుగురిని చంపును, అతనికేమియు కాదు. వీరునకు కన్నీరు లేదు. వానికిని ఏమియు కాదు. కర్మ జరిగినది గాని దాని భారమును మోయువాడు లేడు. ఫ్లాయిడ్ విషయమున ఆటగాడు చంపినవాడు కాడు, ప్రాణదానమును పొందినవాడు. అందుచే కన్నీరు తనంత వచ్చినది. తాను చంపినవారికై కన్నీరు అంత సులభముగా రాదు. అచటనే వీరుని కన్నీటి యక్కర కలుగుచున్నది.

అట్లని వీరునిచే ఏడ్పించినంత మాత్రమున దోషము తీరిపోదు. నేటి ఆటలలో సాధారణముగా రెండు భాగములుండును. ఒకదానియందు వీరుడు ఆటగాని మీటలకు లోబడి నడచును. రెండవదానియందు మీటలు పనిచేయవు. సినిమావలె దృశ్యము సాగును. వీరుల కన్నీరు తరచుగా ఈ రెండవ భాగముననే కానవచ్చును. 2013లో వెలువడిన 'టూంబ్ రైడర్' అను ఆటలో, నౌక పగిలి ఒక దీవిని చేరిన లారా క్రాఫ్ట్ అను యువతి ఆత్మరక్షణకై మొదటిసారి ఒక మనుష్యుని చంపి, వణకి, క్రుంగిపోవును. ఆ దృశ్యము ముగిసిన కొలదిసేపటికే ఆమె ఆటగాని చేతిలో పదులకొలది మనుష్యులను చంపుచు ముందునకు సాగును. కథ చెప్పునదొకటి, ఆట చేయించునదొకటి యగు ఈ వైరుధ్యమును 2007లోనే క్లింట్ హాకింగ్ అను ఆటల నిర్మాత మరియొక ఆటను విమర్శించుచు ఎత్తి చూపెను. చంపుట ఆటగానికి, ఏడ్చుట వీరునకు పంచియిచ్చినచో, కర్తయు భోక్తయు మరల వేరైపోయిరి.

కన్నీటిని గూడ ఆటగాని మీటకే అప్పగించినచో సరిపోవునా? 2014లో వెలువడిన 'కాల్ ఆఫ్ డ్యూటీ' వరుసలోని ఒక ఆటలో, సైనికుని మిత్రుని అంత్యక్రియల ఘట్టము కలదు. శ్రద్ధాంజలి ఘటించుటకు ఒక మీటను నొక్కుమని తెరమీద ఆజ్ఞ కానవచ్చును. నొక్కగనే వీరుడు శవపేటికపై చేయి ఉంచును. ఆ యాజ్ఞ దేశదేశముల యువకులకు పరిహాసపు మాటయైనది. అందు ఆశ్చర్యము లేదు. అశ్రువును భరతముని ఎనిమిది సాత్త్విక భావములలో చేర్చెను. సత్త్వము ఏకాగ్రమైన మనస్సునుండి పుట్టునది గావున, అన్యమనస్కుడైన నటుడు దానిని అభినయింపజాలడని ఆయన మతము. మీటకు పుట్టు శోకమును చూచి పిల్లలు నవ్విరనగా, అసలును నకిలీని వారెరుగుదురని యర్థము.

అయినచో నిజమైన కన్నీరు ఈ ఆటలకు అసాధ్యమా? కాదు. 2005లో జపానునందు ఫుమిటో ఉఎదా నిర్మించిన 'షాడో ఆఫ్ ది కొలోసస్' అను ఆట యున్నది. మరణించిన ఒక కన్యను బ్రతికించుకొనుటకై ఒక యువకుడు పదునారు మహాకాయములను వధింపవలయును. అవి వాని జోలికి రానివి. వాడే వెదకుకొని పోవును. ఒక్కొక్కటి కూలినపుడు విజయవాద్యము మ్రోగదు, శోకగీతము వినబడును. చంపిన కొలదియు ఆ యువకుని దేహము నల్లబారి క్షీణించును. వాడు వెక్కి వెక్కి యేడ్వడు. కాని ప్రతి గెలుపును "ఇది నీవు చేసినదే" యని ఆటగానికి చెప్పుచుండును.

అదే సంవత్సరమున అమెరికాలో వెలువడిన 'గాడ్ ఆఫ్ వార్' అను ఆటలోని క్రేటోస్ దీనికి పూర్తిగా వేరైన వీరుడు. యుద్ధదేవత మోసముచే భార్యను, కుమార్తెను తన చేతులతో చంపుకొని, వారి బూడిద మేనికంటి తెల్లబారినవాడు. ఆ దుఃఖమును అతడు కోపముగా మార్చుకొనెను; ఆటగాడు ఆ కోపమునకు చేతులు ఎరువిచ్చెను. 2018లో వెలువడిన ఆటలో ఆ క్రేటోసే మరియొక భార్య అస్థికలను కొడుకుతో కలిసి గిరిశిఖరమునకు మోసికొని పోవును. 2022లోని ఆట తుదిఘట్టమున, జనులు తనను ప్రేమతో గౌరవించు భవిష్యత్తును చిత్రించిన పటమును చూచి కంట తడిపెట్టును. ఈ కన్నీరు దృశ్యభాగముననే వచ్చినను నకిలీ కాదు. దాని వెనుక పదునేడు సంవత్సరముల కర్మ యున్నది. ఆ కర్మలో ఆటగాని చేయి యున్నది. 2005లో ఆ కోపమును ఆడుకొన్న బాలురు కొందరు 2022 నాటికి తండ్రులైరి. వీరుడు ఏడ్చినపుడు తామును ఏడ్చితిమని వారు సిగ్గుపడక చెప్పగలిగిరి. ఆ కన్నీటి పిదప క్రేటోసు ధ్వంసమైన లోకములను నిలబెట్టుటకు పోవును. ఏడ్చిన పిమ్మట చేయి మారినదా, పూర్వపు పనినే మరల చేయుచున్నదా యనునదే కన్నీటికి పరీక్ష.

రామాయణము పుట్టిన విధము ఇచట స్మరణీయము. క్రౌంచమిథునములో ఒకదానిని బోయ కొట్టెను. చూచి శోకించినవాడు వాల్మీకి. బాణమొకరిది, శోకమింకొకరిది. ఆ వాల్మీకియే పూర్వము బోయ యని లోకమున నొక గాథ యున్నది. అది చరిత్రమైనను కాకున్నను, అందలి తత్త్వము గొప్పది: బాణము వేసిన చేతికే ఒకనాడు శోకము తెలియవలయును. వీడియో ఆట యందు బోయయు, చూచువాడును ఒక్కడే. ఏ కళకును లేని అవకాశమిది. అట్టి ఆటలోని వీరుడు ఏడ్వరానివాడైనచో, లోకమున బోయలు పెరుగుదురు గాని ఋషి పుట్టడు.

ఒక యింట సాయంకాలమున ఇట్లు జరుగవచ్చును. బాలుడు తెరముందు కూర్చుండి కన్నులు తుడుచుకొనుచుండును. తండ్రి చూచి "పిచ్చివాడా, అది బొమ్మరా!" అని నవ్వును. మూల కూర్చున్న నాయనమ్మ "చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకానికి తీసుకుపోతే, కాటిసీనులో నా కొంగు తడిసేదాకా ఏడ్చావు గదరా! ఆ లోహితాస్యుడు నీకేమి చుట్టము?" అనును. తండ్రి నవ్వు ఆగును.

అప్పుడు ఆ తండ్రి చేయదగిన పని యొకటి కలదు. నవ్వుట మాని, కొడుకు ప్రక్కన కూర్చుండి, "ఎవరికొరకు ఏడ్చినావురా?" అని యడుగుట. చచ్చినవారికొరకా, ఓడినందుకా, తాను చేసిన పనికొరకా? ఆ బాలుడు ఈ ప్రశ్నకు సమాధానమును తనలో వెదకుకొన నేర్చినచో, ఆట యతనికి మేలే చేసినది. వీరుడు ఏడ్వవచ్చునని తెరమీద చూచిన బాలుడు, నాన్న యెదుట ఏడ్చుటకు వెనుదీయడు. ఏడ్చుటకు వెనుదీయనివాడు తప్పు చేసినపుడు ఒప్పుకొనుటకును వెనుదీయడు. వీరత్వమునకు అంతకంటె గట్టి పునాది లేదు.