మా ఊరివాళ్ళు అనే ముందు

కొన్ని నెలల కిందట మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళతో కలిసి లంచ్‌కి కూర్చున్నాం. మాటల్లో ఒకతను అడిగాడు: "మీదే ఊరు? అక్కడ ఫేమస్ ఎవరు?" అతనిది పుణె. నేను "జనగామ, వరంగల్ పక్కన" అన్నాను. నిజానికి చెప్పాల్సింది లింగాల ఘనపూర్ మండలం. కానీ ఆ పేరు చెబితే హైదరాబాద్‌వాళ్ళే "స్టేషన్ ఘనపూరా?" అంటారు. కాదు, ఇది వేరే అని చెప్పుకోవడం చిన్నప్పట్నుంచీ అలవాటైపోయిన విసుగు.

ఫేమస్ ఎవరంటే మాత్రం తడుముకోలేదు. బమ్మెర పోతన, పాల్కురికి సోమనాథుడు, చాకలి ఐలమ్మ, దొడ్డి కొమరయ్య. ఒక్కొక్కరి గురించి ఒక్కో వాక్యం కూడా చెప్పాను. "అబ్బా, గొప్ప నేల మీది" అన్నాడతను. నాకు ఛాతీ కొంచెం పొంగింది. ఏదో నేనే భాగవతం రాసినట్టు, నేనే విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడినట్టు.

సీటు దగ్గరికి వచ్చాక ఒక విషయం తట్టింది. నేను చెప్పిన నలుగురిలో ఒక్కరు కూడా మా మండలంవాళ్ళు కాదు. బమ్మెర, పాలకుర్తి ఉన్నది పాలకుర్తి మండలంలో. కడవెండి దేవరుప్పుల మండలంలో. మా లింగాల ఘనపూర్ మండలంలోనే మాణిక్యాపురం ఉంది. ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది ఆ ఊరే. ఆయనకు 2014లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2017 నవంబర్‌లో పోయారు. ఆ పేరు నా నోటికి రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఇంజనీరింగ్‌లో హాస్టల్ రూములో ఒకడు నోటితో డోలు కొడుతూ ఎల్లమ్మ కథని వెక్కిరిస్తే అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా వాడకట్టులో మల్లన్న పట్నాలు వేసిన రాత్రి, రంగుల పొడులతో వేసిన ఆ ముగ్గు ముందు కూర్చుని, మా నాయనమ్మ ఒళ్ళో నిద్రపోకుండా తెల్లవారేదాకా కథ విన్నవాడిని నేను. ఆ సంగతి రూములో ఎవరికీ తెలియకూడదనే అంత గట్టిగా నవ్వాను.

అందుకే ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక గొప్ప మనిషి మన ఊరివాడు అని మనం గర్వపడతాం కదా, ఆ గర్వానికి ఆధారం ఏమిటి? ఆ మనిషి సంపాదించుకున్న పేరులో మనకు వాటా ఎక్కడి నుంచి వచ్చింది?

మామూలుగా చెప్పే జవాబు "మట్టి మహిమ" అని. ఈ మట్టిలోనే ఏదో ఉంది, అందుకే ఇక్కడ అలాంటివాళ్ళు పుట్టారు అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ కాస్త నిలదీస్తే నిలబడదు. ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న భూమిలో పంటను కాజేయాలని చూసిన విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కూడా ఈ మట్టివాడే. విసునూరు ఎక్కడో లేదు, పాలకుర్తి మండలంలోనే ఉంది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద తుపాకులు పేల్చిన దొర మనుషులూ, ఆ కాల్పుల్లో ప్రాణం పోయిన దొడ్డి కొమరయ్యా తాగింది ఒకే ఊరి నీళ్ళు. మట్టికి మహిమ ఉంటే అది ఇద్దరికీ వర్తించాలి. ఐలమ్మను కన్నందుకు మట్టికి దండం పెట్టేవాళ్ళు, గడీని మోసినందుకు అదే మట్టిని నిలదీయాలి. ఆ పని ఎవరూ చేయరు.

దీనికి దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉంది. రష్యాలో వోల్గా ఒడ్డున సింబిర్స్క్ అని ఒక పట్టణం. 1870లో లెనిన్ అక్కడ పుట్టాడు. 1881లో కెరెన్‌స్కీ కూడా అక్కడే పుట్టాడు. 1917 అక్టోబర్ విప్లవంలో లెనిన్ పార్టీ కూలదోసిన ప్రభుత్వానికి అధిపతి ఈ కెరెన్‌స్కీనే. ఇంకో విచిత్రం, లెనిన్ చదివిన స్కూలుకి హెడ్‌మాస్టరు కెరెన్‌స్కీ తండ్రి. లెనిన్ అన్నను జార్ ప్రభుత్వం ఉరితీసిన తర్వాత కూడా ఆ కుర్రాడు మంచి విద్యార్థి అని సర్టిఫికెట్ రాసిచ్చింది ఆయనే. 1924లో ఆ ఊరి పేరు ఉల్యనోవ్‌స్క్ అయింది. లెనిన్ ఇంటిపేరు ఉల్యానోవ్ కాబట్టి. ఇద్దరినీ ఊరు కన్నది, పేరు మాత్రం ఒకరికే ఇచ్చారు. ఇచ్చింది మట్టి కాదు, గెలిచినవాళ్ళు.

అంటే "మావాడు" అనేది పుట్టుక చెప్పే నిజం కాదు, మనం చేసే ఎంపిక. అసలు "మా ప్రాంతం" అన్నదే నిలకడగా లేదు. ఐలమ్మ పోరాడిన రోజుల్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. 1953లో వరంగల్‌లో కలిసింది. 2016లో తానే ఒక జిల్లా అయింది. కదలకుండా ఒకే గడపలో బతికిన ముసలమ్మ మూడు జిల్లాల మనిషి అయిపోయింది. ఆ లెక్కన ఐలమ్మ నల్లగొండ వీరనారా, వరంగల్ వీరనారా, జనగామ వీరనారా?

పోతన విషయంలో అయితే ఈ గొడవ కొన్ని తరాలుగా నడుస్తోంది. ఆయనది బమ్మెర అని మేము, కడప జిల్లా ఒంటిమిట్ట అని అక్కడివాళ్ళు. ఏకశిలా నగరం అంటే ఏది అన్న దగ్గర వాదం మొదలవుతుంది. రెండు వైపులా పండితులున్నారు. నేనూ పుట్టుకతో బమ్మెర పార్టీనే. కానీ ఆ కథల్లో మనందరికీ ఇష్టమైన కథ ఏది? రాజుకి భాగవతం అంకితమివ్వనని, నాగలి పట్టుకుని బతికాడనీ చెప్పుకునే కథ. అది చరిత్రో ఐతిహ్యమో పక్కన పెడితే, పోతనంటే మనకు ఆ మనిషే. ఒకరి సొత్తు కావడానికి ఒప్పుకోలేదన్న కారణంతో మనం ప్రేమించే మనిషిని, మా సొత్తంటే మా సొత్తని రెండు జిల్లాలవాళ్ళం చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నాం.

అయితే ఈ గర్వం మొత్తం తప్పేనా? అలా అనలేను. దాన్ని పూర్తిగా తీసేస్తే ఐలమ్మ పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా మిగిలిపోతుంది. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఆడవాళ్ళ ముఖాల్లో నేను చూసింది ఉత్త గొప్ప కాదు. బట్టలుతికే కులంలోని ఒక ఆడమనిషి పేరు చదువుల గుమ్మం మీదికి ఎక్కిందన్న ఊరట అది. ఆ ఊరటని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

నాకు తోస్తున్నదేమంటే, ఎంపిక చేసుకున్నాక దాని వెంట ఒక బాకీ వస్తుంది. ఐలమ్మ మా మనిషి అంటే, కౌలు రైతు కష్టం కూడా మాదే కావాలి. ఐలమ్మ కౌలుదారే కదా. మా మండలంలో ఈ రోజుకీ కౌలుకు చేసేవాళ్ళున్నారు. వాళ్ళ పేరు పాసుబుక్కులో ఉండదు. పంట పోతే నష్టం మాత్రం వాళ్ళది. మాకున్న రెండెకరాలూ కౌలుకిచ్చాం. కౌలు డబ్బు నా ఫోన్‌కి వస్తుంది. చేసే అతని పేరు నాకు తెలుసు, అంతకు మించి తెలియదు. ఐలమ్మ గురించి లంచ్ టేబుల్ దగ్గర వాక్యం చెప్పినప్పుడు, ఆ కథలో నేను ఎవరి వైపు కూర్చున్నానో ఆలోచించలేదు.

ఇంకో ఇబ్బంది ఈ "ఫేమస్ ఎవరు" అన్న ప్రశ్నలోనే ఉంది. అది ఒక్కరి పేరు అడుగుతుంది. ఒగ్గు కథ ఒక్కరితో నడవదు. ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కన వంతగాడు అందుకోవాలి. డోలు ఉండాలి, తాళం ఉండాలి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథల్ని తరతరాలుగా నోటితోనే దాటించుకుంటూ వచ్చిన కురుమ కులపు ఒగ్గు పూజారులు ఉండాలి. సత్తయ్య గొప్పతనం చిన్నదని కాదు. అవార్డు పత్రం మీద ఒక్క పేరుకే చోటుంటుంది. డోలు కొట్టినవాళ్ళ పేర్లు ఆయన ఊరి మండలంలో పుట్టిన నాకే తెలియవు.

ఒక్క పేరు కూడా లేని గొప్ప ఒకటి మా మండలంలోనే ఉంది. కల్లెం పక్కన ఏనబావి అనే చిన్న పల్లె. యాభై పైచిలుకు కుటుంబాలు. మొదట పురుగుమందులు మానేశారు, తర్వాత రసాయన ఎరువులు మానేశారు. 2006కల్లా మొత్తం ఊరే రసాయనాలు లేని ఊరని ప్రకటించుకున్నారు. ఒకరిద్దరు చేస్తే అయ్యే పని కాదిది. పక్క చేనువాడు మందు కొడితే ఈ చేను కూడా పోతుంది కాబట్టి అందరూ ఒప్పుకోవాలి, ఒప్పుకున్న మాట మీద ఏటా నిలబడాలి. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చూసిపోయారు. కానీ ఏనబావి ఏ "ప్రముఖులు" జాబితాలోనూ ఎక్కదు, ఎందుకంటే అది మనిషి కాదు. నా జాబితాలోకీ రాలేదు.

సొంత ఊరితో మనిషికుండే లెక్క ఎలా ఉండొచ్చో ఆలోచిస్తే నాకు చెహోవ్ గుర్తొస్తాడు. ఆయన 1860లో టాగన్‌రోగ్‌లో పుట్టాడు. తండ్రి కొట్టు దివాలా తీసి, అప్పులవాళ్ళకు భయపడి 1876లో మాస్కో పారిపోయాడు. కుర్రాడు ఒంటరిగా ఉండి, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు పూర్తి చేసి 1879లో ఊరొదిలాడు. తర్వాత ఆ ఊరిని ఎక్కడా ఆకాశానికెత్తలేదు. మురికి, బద్ధకం, విసుగు అని ఉత్తరాల్లో రాశాడు. అయినా ఏళ్ళ తరబడి ఆ ఊరి లైబ్రరీకి పుస్తకాలు పంపుతూనే ఉన్నాడు. పొగడలేదు, వదిలెయ్యనూ లేదు. మేము దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాం. పొగుడుతాం, వదిలేస్తాం.

మొన్న దసరాకి ఇంటికెళ్ళినప్పుడు ఈ ఆలోచనలన్నీ బాపుకి చెప్పాను. వాకిట్లో మంచం మీద కూర్చుని మొత్తం విన్నాడు. సత్తయ్య కథ తాను విన్నానన్నాడు. "ఆయన నోరు తెరిస్తే ఆడోళ్ళు కొంగు నోట్లె వెట్టుకొని ఏడ్సేది" అన్నాడు. పక్కన డోలు కొట్టింది ఎవరు బాపు అంటే, కొంచెంసేపు ఆలోచించి, "యాదికి లేదు బిడ్డా" అన్నాడు.

కాసేపాగి నన్నే అడిగాడు. "సరే గనీ, నిన్నెవలన్న అడిగితె గొప్పోళ్ళ పేర్లు జెప్పినవు. రేపు మనూళ్ళె ఎవలన్న నీ గురించి అడిగితె నేనేం జెప్పాలె? హైద్రబాద్‌ల ఉంటడు, కౌలు పైసలు ఫోన్ల ఏయించుకుంటడు అని జెప్పన్నా?"

నవ్వుతూనే అన్నాడు. నేను కూడా నవ్వాను, హాస్టల్‌లో నవ్వినంత గట్టిగా మాత్రం కాదు. మర్నాడు పొద్దున బస్సెక్కే ముందు పొలం దాకా వెళ్ళాను. మా భూమి చేసే అతను పత్తి చేలో ఉన్నాడు. నన్ను చూసి గెట్టు మీదికి వచ్చి, కౌలు పెంచుతామని చెప్పడానికి వచ్చారా అని అడిగాడు.