బతుకమ్మకు మార్కులెందుకు?

అమెరికాలో మన సంఘాల పండగ కరపత్రాల్లో ముగ్గుల పోటీ, బతుకమ్మ పోటీ, పిల్లల పాటల పోటీ తరచూ కనిపిస్తాయి. పోటీ పెడితే నలుగురూ కదులుతారన్న నిర్వాహకుల ఆలోచనను తప్పుపట్టలేం. కానీ మార్కులు వేస్తారని తెలియగానే పువ్వులు పేర్చే చేతికి భయం పట్టుకుంటుంది. తంగేడు, గునుగు దొరకని చోట కొన్న చామంతులతో సరదాగా పేర్చుకోవాల్సిన బతుకమ్మను, వరస వంకరపోయిందని అర్ధరాత్రి విప్పి మళ్ళీ పేరుస్తారు. తీరా ఆట మొదలయ్యే వేళకు ఆడే ఓపిక ఉండదు. ఈ ఆరాటానికి శ్రద్ధ అని పేరు పెట్టుకున్నాం గానీ, దాని వెనక ఉన్నది వేలెత్తి చూపుతారేమోనన్న బెరుకు.

1973లో వెలువడిన ఒక ప్రయోగంలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో, బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లలపై, బహుమతి ఆశ ఆ ఇష్టాన్ని ఏం చేస్తుందో పరీక్షించారు. కొందరికి బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ముందే ఆశ చూపారు. కొన్నాళ్ళకు అవే స్కెచ్ పెన్నులు మళ్ళీ బల్లమీద పెడితే, ఆ పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగంసేపే గీశారు. 1989 నుంచి 2016 దాకా అమెరికా, కెనడా, బ్రిటన్ విద్యార్థుల్లో ఏ లోపమూ ఉండకూడదన్న తపనపై వచ్చిన సర్వేలను కరన్, హిల్ అనే పరిశోధకులు క్రోడీకరించగా, ఆ తపన రూపాల్లో ‘నేను ఏ లోపమూ లేకుండా ఉండాలని ఇతరులు ఆశిస్తున్నారు’ అనే భావనే అన్నిటికన్నా ఎక్కువగా పెరిగిందని తేలింది. మన పిల్లలు పెరుగుతున్నది ఆ గాలిలోనే.

‘మార్కులు, పోటీలు ఇలా సడలిస్తే కూచిపూడి లాంటి కళ నిలుస్తుందా?’ అని అడగవచ్చు. నాట్యాన్ని జీవితంగా ఎంచుకున్నవారికి కఠిన సాధన తప్పదు, గురువు తప్పు దిద్దాల్సిందే. అయితే కళ బతకడానికి ఇంట్లో కూనిరాగం తీసేవారూ కావాలి. అరంగేట్రం కాగానే గజ్జెలు అటకెక్కితే ఆ సాధన ఎవరికి దక్కినట్టు? హెచ్‌-1బి వీసాపై చేసే ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి వెతుక్కోవాల్సిన మనకు ఏమరుపాటు కూడదన్నదీ నిజమే. ఆ జాగ్రత్త ఆఫీసు పనికి అవసరం, ఆదివారం బ్యాడ్మింటన్‌కు కాదు.

అసలు నష్టం భాష దగ్గర తెలుస్తుంది. ‘తాతయ్య వచ్చింది’ అన్న పిల్ల మాటకు గదంతా నవ్వితే, ఆ పిల్ల తర్వాతి మాట ఇంగ్లీషులోనే వస్తుంది. అందుకే ఈసారి పండక్కి న్యాయనిర్ణేతల కుర్చీలు తీసేసి చూద్దాం. తప్పుల తెలుగు మాట్లాడే పిల్ల రేపు దిద్దుకోగలదు, మాట్లాడటమే మానేసిన పిల్లకు దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.