కడుపు జబ్బు మనిషి – నమాజు, రోజా

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి మొలల వ్యాధి ఉండేది. నమాజు ఎలా చెయ్యాలని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. నిలబడి చెయ్యమనీ, చేతకాకపోతే కూర్చొని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చెయ్యమనీ ప్రవక్త (స) సెలవిచ్చారు. బుఖారీలోని హదీసు ఇది. ఆ సహాబీ అడగడానికి సిగ్గుపడలేదు. మనమేమో కడుపు జబ్బును ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పం!

మా రామచంద్రపురం వైపు రక్త విరేచనాలైతే మొలలనో, అమీబా అనో సరిపెట్టుకొని ఏళ్ళ తరబడి మాత్రలు మింగేవారున్నారు. అది అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చు, క్రోన్స్ కావచ్చు. శరీరపు రక్షణ శక్తే ప్రేగుల మీద తిరగబడి పుండ్లు చేసే జబ్బులివి. అంటుకోవు. కొన్నాళ్ళు అణిగి మళ్ళీ లేస్తాయి. ఇది పట్నాల జబ్బే కాదు, పల్లెల్లోనూ ఉందని హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2023లో ప్రకటించారు. కాస్త నెమ్మదించగానే తావీజు కట్టుకొని మందు మానేయడం తవక్కుల్ కాదు. వైద్యం చేయించుకోమన్నది ప్రవక్త (స) ఆదేశమే.

ఇక మస్అలా. ఒక నమాజు వేళంతా, వుజూ చేసి ఫర్జ్ ముగించేపాటి వ్యవధి కూడా దొరకకుండా స్రావం ఆగనివారు హనఫీ ఫిఖ్హ్‌లో 'మాజూర్'. ఆ తర్వాత ప్రతి వేళలో ఒక్కసారైనా అది కనిపిస్తున్నంత కాలం వారు మాజూరే. వేళకొక వుజూ చాలు. ఆ వేళ ముగిసేదాకా ఆ స్రావం వల్ల వుజూ పోదు. పొట్టకు సంచి అమర్చినవారికీ ఇదే వెసులుబాటు. జబ్బు అణిగి ఉన్న రోజుల్లో మాత్రం మామూలు నియమాలే. ఒత్తిడి వచ్చినప్పుడు బిగపట్టి జమాఅత్‌లో నిలబడనక్కర్లేదు. అలా నమాజు చెయ్యవద్దని ముస్లిం గ్రంథంలోని హదీసు వారిస్తోంది.

రోజా విషయంలో వ్యాధిగ్రస్తునికి బఖరా సూరా 184, 185 ఆయతులు సడలింపు ఇచ్చాయి. జబ్బు లేచి ఉన్నప్పుడు డాక్టరు వద్దంటే మానాలి. అణిగాక, చలికాలపు పొట్టి రోజుల్లో ఖజా తీర్చుకోవచ్చు. ఇక ఎన్నటికీ ఉండలేమన్నవారికే ఫిద్యా: రోజాకు ఒక పేదవానికి రెండు పూటల భోజనం. ఫిద్యా ఇచ్చాక ఆరోగ్యం చేకూరితే ఖజా మళ్ళీ తప్పదు.

మస్జిదు కమిటీ పెద్దలకు ఒక మనవి. జుమా రోజున మరుగుదొడ్డికి తాళం వెయ్యకండి. నీళ్ళుండాలి, ఒక కమోడ్ ఉండాలి. వెనక వరుసలో తలుపు పక్క చోటు కోరేవానిని ఎందుకని అడక్కండి.