దారిబత్తెం

పెళ్లయి నలభై ఏళ్లయిందని పిల్లలు కూడబలుక్కుని మా ఇద్దర్నీ బాలి దీవికి పంపారు. బ్యాంకు కొలువులో ఉన్నన్నాళ్లూ సెలవంటే మాకు అన్నవరం, మహా అయితే అరకు. అలాంటిది సనూర్ తీరంలో, సముద్రంలోంచి పైకొచ్చే సూర్యుణ్ణి చూస్తూ కాఫీ తాగడం వారంలోనే అలవాటైపోయింది. ఇంకా రెండు రోజులుందనగా, గురువారం పొద్దున, మా ఆవిణ్ణి అడిగాను.

"ఇంకో నాలుగు రోజులు ఉండిపోదామా? టికెట్లు మార్చుకుంటే సరి."

"మీరుండండి. తులసికి నీళ్లు పొయ్యమని పక్కింటావిడకి పది రోజులకే చెప్పొచ్చాను" అంది. అప్పటికే విడిచిన బట్టలు ఒక సంచిలో, ఉతికినవి ఒక సంచిలో సర్దేస్తోంది.

నవ్వొచ్చింది. మనుచరిత్రలో ప్రవరుడి వరసా ఇదే కదా! పాదలేపం పూసుకుని హిమాలయాలు చూడబోయాడు. మంచుకి లేపం కరిగిపోయింది. ఎదురుగా అప్సరస వరూధిని. ఆయనకి మాత్రం ఇంటి దగ్గర అగ్నిహోత్రం బెంగ. కాలేజీ రోజుల్లో అతణ్ణి ఒట్టి చాదస్తుడనుకునేవాణ్ణి. తీరా అదే చాదస్తంతో నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను.

తిరిగి రావడమంటే గుర్తొచ్చింది, గీత తొమ్మిదో అధ్యాయంలో స్వర్గం సంగతొకటుంది. యజ్ఞాలు చేసినవాళ్లు అక్కడికి వెళ్లి భోగాలనుభవిస్తారు, పుణ్యం ఖర్చయిపోగానే మళ్లీ భూమ్మీదికి వస్తారు. బ్యాంకువాణ్ణి కనక నాకిది సులువుగా బోధపడింది. ఆ శాఖలో డబ్బు తీసుకోవడమే గాని కట్టించుకోవడం లేదు. భోగభూమి అంటే అదే. పుణ్యం కూడబెట్టాలన్నా, మోక్షం కావాలన్నా కర్మభూమికి రావలసిందేనని పెద్దల మాట. ఇంత తెలిసినా, వెళ్లాల్సిన రోజుకి రెండు రోజుల ముందే మనసెందుకు దిగాలు పడుతుంది? ఆ గురువారమంతా నేను సముద్రం చూడనే లేదు. పాసుబుక్కులో నిలవ చూసుకున్నట్టు మిగిలిన గంటలు లెక్కపెట్టుకున్నాను.

మేం దిగిన ఇంటివాళ్ల పండగలో దీనికి జవాబు దొరికింది. మేం వచ్చింది గలుంగన్ మర్నాడు. బాలి వాళ్ల పంచాంగంలో 210 రోజులకోసారి, బుధవారం నాడు వస్తుందది. ఆ రోజు గతించిన పెద్దలు తమ ఇళ్లకు దిగివస్తారని నమ్మకం. ప్రతి గుమ్మం ముందూ పెంజోర్ అనే పొడవాటి వెదురు గెడ. దానికి కొబ్బరాకుల అల్లికలు, వరికంకులు కడతారు. కొస వంగి వీధి మీదికి వాలుతుంది. పది రోజుల తరవాతి శనివారం కునింగన్. పెద్దలు తిరిగి వెళ్లే రోజు. పసుపన్నం, నైవేద్యాలు మధ్యాహ్నం లోపలే పెట్టెయ్యాలి, ఆ తరవాత వాళ్లుండరు.

తమాషా చూడండి. మేం భూమ్మీద సెలవు పెట్టి స్వర్గమనుకుని వచ్చిన చోటికే, పైనున్నవాళ్లు సెలవు పెట్టి వస్తున్నారు!

శుక్రవారం సాయంత్రం ఇంటావిడ అరుగు మీద కూర్చుని కొబ్బరాకులతో చిన్న చిన్న సంచులు అల్లుతోంది. మా ఆవిడ పక్కనే చతికిలబడింది. ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో కబుర్లు. ఆ సంచి పేరు ఎండొంగన్. వెళ్లిపోయే పెద్దలకు దారిబత్తెమట.

"మళ్లీ 210 రోజులకి గాని రారు కదా, ఇంకో రోజు ఉండమనాలనిపించదా?" అనడిగాను.

ఆవిడ వేళ్లు ఆగలేదు. "ఉండమంటే వాళ్లకి వెళ్లడం కష్టమైపోతుంది" అంది.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ప్రవరుడికి వెనక్కి పిలిచే అగ్నిహోత్రం ఉంది. మా ఆవిడకి తులసి ఉంది. రిటైరయ్యాక నాకంటూ ఎదురుచూసే పని ఒక్కటీ మిగుల్చుకోలేదు. అందుకే ఇంటికి వెళ్లడం నాకు స్వర్గం నుంచి కింద పడటంలా తోచింది. తప్పు స్వర్గానిదీ కాదు, భూమిదీ కాదు. ఇంటి దగ్గర చెయ్యవలసింది ఉన్నవాడికి తిరుగు ప్రయాణం పతనం కాదు.

మా చిన్నప్పుడు దీపావళి సాయంత్రం గోగు కాడలకి నూనె గుడ్డలు చుట్టి మా చేత దివిటీలు కొట్టించేవారు. మహాలయ పక్షాల్లో వచ్చిన పెద్దలు చీకట్లో తిరిగి వెళ్తారు, వాళ్లకి దారి కనబడాలిరా అనేది మా నాయనమ్మ. మనకీ సాగనంపే పండగ ఉందన్నమాట. పిల్లలు ఉద్యోగాలకి వెళ్లాక మా ఇంట్లో అది మానేశాం.

శనివారం పొద్దున ఇంటావిడ పెట్టిన పసుపన్నం తిని, రాత్రి విమానం ఎక్కాం. టికెట్లు మార్చలేదు. ఈ దీపావళికి గోగు కాడలు తేవడం, పక్కింటి పిల్లల్ని పిలిచి దివిటీలు కొట్టించడం నా పని. మీ ఇంట్లోనూ మానేసి ఉంటే, ఈ ఏడు మళ్లీ మొదలుపెట్టండి.